నలభై రెండో రోజు

సంక్రాంతి వెళ్లిన వారంలో నా మెడికల్ షాపులో ఏం ఎక్కువ పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. గ్యాస్ మాత్రలు, వాంతుల మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు. కోదాడలో దుకాణం తెరిచిన కొత్తలో అరిసెలూ సకినాలూ ఎక్కువై కడుపులు చెడ్డాయేమో అనుకునేవాణ్ని. అసలు సంగతి అందడానికి మూడేళ్లు పట్టింది. జనవరి 14న మకరజ్యోతి. అది చూసి వచ్చిన అయ్యప్ప స్వాములు ఆ వారంలోనే మాల తీస్తారు. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి గడ్డం గీసిన మేర చెంపలు తేటగా, నుదురు ఎండకు కమిలి ఉంటుంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉంటాయి. ‘అన్నా, కడుపుల మంటకు ఏదన్నా ఇయ్యి’ అంటాడు. ఎందుకని అడగక్కర్లేదు. 41 రోజులు చుక్క ముట్టని కడుపులో 42వ రోజు రెండు క్వార్టర్లు పడ్డాయి.

నేను డాక్టర్ని కాను. డి.ఫార్మసీ చదివి, పదకొండేళ్లు మెడికల్ రెప్‌గా బ్యాగు మోసి, ఆ తర్వాత ఈ షాపు పెట్టుకున్నవాణ్ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నా బీటు. సూర్యాపేటలో పొద్దున డాక్టర్లను కలిసి, హైవే మీద మునగాల దాటి కోదాడ వచ్చి, మర్నాడు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేవాణ్ని. ఆ తోవలో ఎక్కడ టీ బాగుంటుందో, ఎక్కడ వైన్స్ ఉందో, ఏ డాక్టరు ఎంతసేపు బయట కూర్చోబెడతాడో ఇప్పటికీ గుర్తే. తాగుడు పట్టిన మెదడు గురించి నేను చెప్పబోయేదంతా ఆ రోడ్ల మీదుగానే చెబుతాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

మా బామ్మర్దిది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో కాంటా దగ్గర గుమస్తా. ధాన్యం లారీలు బారులు తీరే సీజన్లో రాత్రి పదింటి దాకా పని. ఇరవై రెండేళ్లప్పుడు బీరుతో మొదలుపెట్టి, ముప్పై అయిదు వచ్చేసరికి రోజూ క్వార్టర్ పడందే నిద్ర రాని స్థితికి చేరాడు. ఇప్పటికి ఆరుసార్లు అయ్యప్ప మాల వేశాడు. ఆరుసార్లూ మండలం నిండా చేశాడు. మధ్యలో ఒక్కనాడూ తప్పలేదు. ఆ రోజుల్లో వాడి కూతురు నాన్న పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ‘మా పిల్లగాడు ఏడాదికి నలభై ఒక్క రోజులే మనిషి లెక్క బతుకుతడు’ అనేది మా అత్తమ్మ. ఆరు మాలలు, ఆరు నలభై రెండో రోజులు.

తాగేవాడికి నిబ్బరం ఉండదని మన ఊళ్లలో పసిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ డిసెంబరు చలిలో తెల్లారి నాలుగున్నరకు చన్నీళ్లు పోసుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా కంకర మీద నడిచి, ఒంటిపూట భోజనంతో, చాప మీద పడుకుని 41 రోజులు గడిపే మనిషికి నిబ్బరం లేదంటే ఎట్లా ఒప్పుకోను? నేనైతే ఆ చన్నీళ్ల దగ్గరే ఓడిపోతాను. వాడిలో నిబ్బరం పుష్కలంగా ఉంది. 42వ రోజు సాయంత్రానికి అది ఎక్కడికి పోతోందన్నదే నా ప్రశ్న.

ఓ ఎండాకాలం రాత్రి డాబా మీద వాణ్ని నిలదీశాను. ‘అంత బాగుంటదారా అది?’ అన్నాను. వాడు చెప్పిన జవాబు ఇన్నేళ్ల నా మందుల చదువులో ఏ పుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు. ‘బాగుండుడా? యాడిది బావా! మొదటి గ్లాసు దించుతుంటే ఒళ్లు జలదరిస్తది. కిక్కు కూడా రాదు ఇప్పుడు. కానీ ఆరు కొట్టంగనే లోపల ఎవడో తాడు కట్టి గుంజినట్టయితది’ అన్నాడు.

రుచి వేరు, యావ వేరు. మా బామ్మర్ది డాబా మీద చెప్పిన ఈ మాటను అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల సాయంతో తేల్చారు. అప్పటిదాకా డోపమైన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనమని లోకమంతా అనుకునేది. ఇప్పటికీ వాట్సాప్‌లో అలాగే తిరుగుతోంది. వాళ్లు ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసి, నాలుక మీద తీపి చుక్క వేశారు. ఎలుక ఎప్పటిలాగే మూతి నాక్కుంది. రుచి దానికి బాగానే తెలుస్తోంది. కానీ ముందు తిండి పెడితే కదిలి వెళ్లి తినదు, పట్టించుకోకపోతే పస్తుండి చస్తుంది. అంటే డోపమైన్ చేసే పని సుఖపెట్టడం కాదు, లేపి నడిపించడం. 1993లో వాళ్లిద్దరూ దీన్ని సిద్ధాంతంగా రాశారు. మత్తు పదార్థాలు మెదడులోని యావ యంత్రాన్ని రాను రాను సున్నితం చేస్తాయి, రుచి మాత్రం పెరగదు, తగ్గినా తగ్గుతుంది. పాత తాగుబోతు ఆనందం కోసం తాగుతున్నాడని తిట్టే వాళ్లకు ఈ ముక్క వినిపించాలనిపిస్తుంది. ఆనందం వాడికి ఎప్పుడో పోయింది. తాడు మిగిలింది.

ఆ తాడు ఒక చివర ఎక్కడ కట్టి ఉంటుందో చూపించిన వాడు వుల్ఫ్‌రమ్ షుల్ట్స్. స్విట్జర్లాండ్‌లో కోతుల మీద పని చేశాడు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, డోపమైన్ తయారుచేసేవి నడిమెదడులో కొన్ని లక్షలే. కోతిలో అటువంటి కణాల పక్కన సన్నటి తీగ పెట్టి వాటి చప్పుడు విన్నాడు. నోట్లో పళ్లరసం చుక్క పడగానే కణాలు టపటపా మోగాయి. తర్వాత రసానికి ముందు ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు కణాలు దీపానికే మోగడం మొదలైంది. రసం వచ్చినప్పుడు మాత్రం చడీచప్పుడు లేదు. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావాల్సిన క్షణంలో కణాలు మామూలుగా ఉండే చప్పుడు కూడా మానేశాయి. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను మెదడు లెక్కగడుతోందన్నమాట, మిల్లు కాంటా మీద లారీని లోడుతో ఒకసారీ ఖాళీగా ఒకసారీ తూచినట్టు. 1997లో ఈ లెక్క ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

పళ్లరసమైతే కొన్నాళ్లకు లెక్క సరిపోతుంది, కణాలు నెమ్మదిస్తాయి. మద్యం, నికోటిన్ అలా కావు. అవి రసాయనంగా లోపలికెళ్లి డోపమైన్‌ను నేరుగా ఎగదోస్తాయి. సరుకు ఎంత నాసిరకమైనా ‘అనుకున్నదానికంటే ఎక్కువ దిగింది’ అని ప్రతిసారీ దొంగ రసీదు చేతిలో పెడతాయి. పదిహేనేళ్లు అలాంటి రసీదులు జమచేసుకున్న మెదడుకు దీపం ఏదో చెప్పాలా? సాయంత్రం ఆరు గంటలు. మిల్లు సైరన్. జీతం పడ్డ మెసేజ్. ఫలానా స్నేహితుడి బండి హారన్. వైన్స్ బోర్డు.

బోర్డు అంటే గుర్తొచ్చింది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల నుంచి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని తీర్పిచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి అమలు. 20,000 జనాభా దాటని ఊళ్లలో ఆ దూరం 220 మీటర్లకు తగ్గింది. తర్వాత కొన్ని నెలలకు మున్సిపాలిటీల లోపలున్న దుకాణాలకు ఈ నియమం వర్తించదని వివరణ వచ్చింది. తాగి నడపడం తగ్గాలన్నది కోర్టు ఉద్దేశం, అది మంచిదే. అప్పట్లో హైవే మీద నా కంటపడిన మార్పు ఇంకొకటి. దుకాణాలు లోపలి సందుల్లోకి జరిగాయి, వాటి వైపు చూపిస్తూ రోడ్డు పక్కన గోడల మీదా చెట్ల మీదా ఎర్రరంగు బాణం గుర్తులు వెలిశాయి. షుల్ట్స్ కోతికి దీపం ఎలాగో, మనవాడికి ఆ బాణం అలాగ. సీసా 500 మీటర్ల దూరంలో ఉన్నా డోపమైన్ బాణం దగ్గరే మోగుతుంది. ఆ తీర్పు దూరాన్ని కొలిచింది, బాణాన్ని ఎవరూ కొలవలేదు.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే దొడ్డిదారిన తప్పించుకున్నట్టవుతుంది. మందు అలవాటు లేదు గానీ, సిగరెట్టు పద్నాలుగేళ్లు కాల్చాను. రెప్ ఉద్యోగంలో సగం సమయం ఎదురుచూపులే, ఎదురుచూపులకు తోడు అదే. నికోటిన్ పొగతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి పది ఇరవై సెకన్లలో మెదడును చేరుతుంది. ఇంజెక్షన్ కూడా అంత తొందరగా పని చేయదు. ఎంత తొందరగా చేరితే అంత గట్టిగా ముడిపడుతుంది. 2013లో మానేశాను. ఇంట్లో, షాపులో ఇప్పుడు దాని ఊసే ఉండదు. కానీ రెండేళ్ల కింద పని మీద సూర్యాపేట వెళ్తూ మునగాలలో పాత టీ కొట్టు దగ్గర ఆగాను. గాజుగ్లాసు ఎడమ చేతిలోకి రాగానే కుడి చెయ్యి దానంతట అదే చొక్కా జేబులోకి వెళ్లింది. జేబులో అద్దాలు తప్ప ఏమీ లేవు. నోట్లో నీళ్లు ఊరాయి, గుండె దడదడలాడింది. కొట్టు అతను నన్ను గుర్తుపట్టి, నా పాత బ్రాండు పేరు పలికి, ‘ఇయ్యాల్నా సార్?’ అన్నాడు. టీ సగం తాగి బండెక్కాను. పదేళ్లు! నేను మర్చిపోయానేమో గానీ ఆ కొట్టు మర్చిపోలేదు.

ఇప్పుడు మాల దగ్గరికొద్దాం. మాల వేసినవాడికి ఏమవుతుందో ఈ లెక్కలోంచి చూడండి. చొక్కా మారుతుంది, నల్లబట్టలు వస్తాయి. పేరే మారిపోతుంది, కన్నకూతురు కూడా ‘స్వామీ’ అనే పిలుస్తుంది. సాయంత్రం ఆరింటికి సీసా ఉండాల్సిన చోట భజన ఉంటుంది. సన్నిధానంలో చుట్టూ ఉన్న పదిమందీ తాగనివాళ్లే. వైన్స్ ముందు నిలబడితే బిల్లు కొట్టేవాడే ‘స్వామీ, మీరు ఈడెందుకు?’ అంటాడు. దీపాలన్నీ ఒక్క రాత్రిలో ఆర్పేసినట్టు. మన పెద్దలు మెదడును చదివి పెట్టారని నేననను. ఆ గొప్పలు నాకు నచ్చవు. కానీ దీక్షలో ఉన్న కట్టడి ఏ డీఅడిక్షన్ కేంద్రానికీ తీసిపోనిది.

దీనికి దగ్గరి ఉదాహరణ వియత్నాం యుద్ధంలో ఉంది. 1971లో అమెరికా ప్రభుత్వానికి ఓ భయం పట్టుకుంది. అక్కడున్న సైనికుల్లో ఇంచుమించు అయిదోవంతు హెరాయిన్‌కు బానిసలయ్యారు, వీళ్లంతా తిరిగొస్తే దేశం ఏమైపోతుందని. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లను ఇళ్లకు చేరాక వెతికి పట్టుకుని అడిగింది. బానిసలైనవాళ్లలో మొదటి ఏడాది తిరిగి ఆ స్థితికి పడిపోయినవాళ్లు నూటికి అయిదుగురే. ఆ లెక్కను చాలాకాలం ఎవరూ నమ్మలేదు. దీపాలన్నీ వియత్నాంలో ఉండిపోయాయి, వాళ్లు అమెరికా వచ్చేశారు. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, ఇది ముఖ్యమైనది.

మా బామ్మర్దికి ఆ అదృష్టం లేదు. వాడు శబరిమల నుంచి తిరిగొచ్చేది మిర్యాలగూడకే. పొద్దున తల్లి చేతుల మీదుగా మాల తీస్తాడు. మధ్యాహ్నం గడ్డం. సాయంత్రానికి పాత చొక్కా, పాత జేబు, పాత ఫోను. నిన్నటిదాకా ‘స్వామీ’ అన్నవాడే ‘ఏంరా, అయిపోయిందా నీ నిష్ఠ?’ అంటాడు. ఆరు గంటలకు మిల్లు దగ్గర సైరన్ ఎప్పటిలాగే మోగుతుంది. నలభై ఒక్క రోజులు ఆరిన దీపాలన్నీ ఒకేసారి వెలుగుతాయి.

అవి మునుపటికంటే ప్రకాశంగా వెలుగుతాయన్నది ఇందులో నన్ను కలవరపెట్టిన విషయం. మానేసి ఎన్ని రోజులైతే యావ అంత చల్లారుతుందని మనం అనుకుంటాం. 2001లో ‘నేచర్’ పత్రికలో గ్రిమ్, షాహమ్, వాళ్ల తోటివాళ్లు దీనికి తలకిందులైన ఫలితం చూపించారు. కొకైన్ అలవాటైన ఎలుకలకు దాన్ని ఆపి, కొన్నింటికి మర్నాడే, కొన్నింటికి వారానికి, కొన్నింటికి నెలకు, రెండు నెలలకు పాత గుర్తును – ఆ దీపాన్నీ, ఆ చప్పుడునూ – చూపించారు. రోజులు గడిచిన కొద్దీ మీట నొక్కడం పెరిగింది. ముట్టని రోజుల్లో యావ గుడ్డులో పిల్లలా ఎదుగుతోంది. తర్వాత మద్యం, నికోటిన్‌తో చేసిన ప్రయోగాల్లోనూ ఈ పోకడ కనిపించింది. అది ఎప్పటికీ అలాగే పెరగదు, నెలలు గడిస్తే దిగుతుంది. ఎలుక లెక్క మనిషికి అచ్చంగా అతకదని కూడా తెలుసు. అయినా నలభై, అరవై రోజుల మధ్య కాలం మంచి కాలం కాదని నా మనసుకు గట్టిగా పట్టింది. మన మండలం సరిగ్గా ఆ ఎత్తు మీదకు తీసుకెళ్లి, అక్కడ వదిలేస్తోంది. ఆ రోజు మనం ఏం చేస్తున్నాం? దావత్ చేస్తున్నాం. ‘నలభై రోజులు ఉన్నడు పాపం, ఇయ్యాల ఒక్క రోజు తాగనియ్యుండ్రి’ అని బంధువులే పోస్తున్నారు. అలా పోసిన చేతుల్లో నావీ ఉన్నాయి. మూడో మాలప్పుడు వాడికి బీరు తెప్పించింది నేనే. దాచడం ఎందుకు?

దీనికి ముందు, మాల వేసే రోజు దగ్గర కూడా ఒక ప్రమాదం ఉంది. ఇది గురుస్వాములు వినాలి. మద్యం మెదడులో బ్రేకు తొక్కుతుంది, ఆ బ్రేకు పేరు గాబా. రోజూ పొద్దస్తమానం తాగేవాడి మెదడు నిలదొక్కుకోవడానికి గ్లుటమేట్ అనే యాక్సిలరేటర్‌ను ఎప్పుడూ నొక్కి పట్టుకునే ఉంటుంది. మద్యం ఒక్కసారిగా ఆపితే బ్రేకు లేచిపోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంటుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, మనుషులను గుర్తుపట్టరు. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. ఇదంతా 2020లో కళ్లారా చూశాం. మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి వైన్సులూ కల్లు దుకాణాలూ మూసేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరారు. మే 6న తెలంగాణలో దుకాణాలు తెరిచిన రోజు క్యూలను టీవీల్లో చూసి నవ్వుకున్నాం. ఆ క్యూలో వణుకుతున్నవాళ్లూ ఉన్నారు.

కల్లు కథ ఇంకోటి. చెట్టు కల్లు పేరుతో అమ్మేదాంట్లో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రజోలం కలిపే దందా తెలంగాణలో ఏళ్లుగా నడుస్తోంది. అవి కూడా ఆ గాబా బ్రేకునే తొక్కుతాయి, అందుకే ఆ కల్లు మానేసినవాడి వణుకు మరీ ఘోరం. అల్ప్రజోలం హెచ్1 షెడ్యూలు మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతి మాత్రకూ రిజిస్టర్లో పేరు రాయాలి. చీటీ లేకుండా అడిగేవాళ్లు రోజూ వస్తారు. వాళ్ల కళ్లలోకి చూసి లేదనడం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని.

పొద్దున తొమ్మిదింటికి, గిరాకీ లేని వేళ చూసుకుని, తలమీద కొంగు సర్దుకుంటూ ఆడవాళ్లొస్తారు. ‘సారూ, ఆయనకు తెల్వకుంట కూరల కలిపేది ఉంటదంట గదా’ అంటారు. గోడల మీద ‘తాగుడు మాన్పించబడును’ అని ఫోన్ నంబర్లు చూసి, వాటికి వేలు కట్టి, ఫలితం లేక నా దగ్గరికొచ్చినవాళ్లు కొందరు. వాళ్లు అడుగుతున్నది డైసల్ఫిరం. 1948లో డెన్మార్క్‌లో తాగుడు వైద్యానికి దీన్ని వాడుకలోకి తెచ్చారు. ఇది యావను ముట్టుకోదు. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు పుట్టే విషపదార్థం పోకుండా ఆపుతుంది. దాంతో ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోతుంది. తెలిసి వేసుకున్నవాడికి అది కంచె. తెలియకుండా తిన్నవాడికి గొయ్యి, ఎందుకంటే వాడు ఆ రాత్రి మామూలుగానే తాగుతాడు. గుండె బలహీనంగా ఉంటే పోతాడు కూడా. ‘అమ్మా, కలపొద్దు, మీరే జైలుకు పోతారు’ అని భయపెట్టి పంపిస్తాను. యావ మీద పని చేసే మందులు వేరే ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ తాగినప్పటి మజాను తగ్గిస్తుంది, అకాంప్రోసేట్ ఆ ఎగదన్నిన యాక్సిలరేటర్‌ను నెమ్మదిపరుస్తుంది. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు రాయాల్సినవి అవి. కూరలో కలిపే మందు అడిగినవాళ్లు నాకు లెక్కలేనంత మంది. నాల్‌ట్రెక్సోన్ చీటీతో వచ్చినవాళ్లు ఇన్నేళ్లలో రెండు చేతుల వేళ్లకు మించలేదు.

ఇది నా ఒక్క షాపు గోడు కాదు. ఢిల్లీ ఎయిమ్స్ 2019లో కేంద్రానికిచ్చిన సర్వే నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ మగవాళ్లలో 43 శాతం తాగుతామన్నారు. అరుణాచల్‌ప్రదేశ్ తర్వాత మనమే. మరి సర్కారు ఏ లెక్క చూస్తోంది? 2023లో రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు లాటరీ తీస్తే, తిరిగిరాని 2 లక్షల ఫీజు కట్టి వచ్చిన అర్జీలు లక్షా ముప్పై వేలు దాటాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. అర్జీ పెట్టినవాళ్లలో నాకు తెలిసినవాళ్లూ ఉన్నారు. డ్రా తీసే హాలు ముందు వాళ్ల మొహాలు చూడాల్సింది. వస్తుందో రాదో తెలియని దాని దగ్గరే డోపమైన్ ఎక్కువ మోగుతుందని చెప్పడానికి కోతులు కూడా అక్కర్లేదు.

పూర్తిగా నిషేధించమంటారా అని నన్నడిగేవాళ్లున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి నిలబడితే 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ ఆడవాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. మా కోదాడ సరిహద్దు ఊరు కాబట్టి ఇంకో సంగతి కూడా చూశాను. 2019 తర్వాత ఆంధ్రాలో ధరలు పెరిగి, తెలిసిన బ్రాండ్లు దొరక్కపోయేసరికి జగ్గయ్యపేట వైపు నుంచి బండ్లు ఇటు వచ్చేవి, తిరిగివెళ్తూ గరికపాడు చెక్‌పోస్టులో సీసాలతో దొరికేవి. అక్కడ విధానం మారాక ఆ బండ్లు తగ్గాయి. తాడు రాష్ట్రం దాటించి కూడా గుంజగలదు. నేనడిగేది ఇంతకంటే చిన్నది. బాణాలు చెరపండి. బెల్టు షాపులు మూయండి, ఎందుకంటే కిరాణం కొట్టుకు ఉప్పుకోసం వెళ్లినవాడికి కూడా అక్కడ దీపం వెలుగుతోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను అనారోగ్యంగానే లెక్కించింది. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. కోదాడ, మిర్యాలగూడ ఆస్పత్రుల్లో వారానికి ఒక్క పూట, అదీ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా, తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం ఒక డాక్టరును కూర్చోబెట్టమంటున్నాను. పొద్దున పదింటికి పెడితే ఎవడూ రాడు. తాడు గుంజేది ఆరింటికి.

గురుస్వాములకు రెండు మాటలు. మాల వేయమని వచ్చినవాడు పొద్దున లేవగానే తాగందే చెయ్యి నిలవని మనిషైతే, ముందు డాక్టరుకు చూపించి రమ్మనండి. అయ్యప్ప పదిరోజులు ఆగుతాడు. మాల తీశాక కూడా ఓ మూడు నెలలు, వారానికో సాయంత్రం, అదే సన్నిధానానికి వాళ్లను పిలవండి. మాల లేకపోయినా ‘స్వామీ’ అనే పిలవండి. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది 42వ రోజు దావత్ వద్దని. రాత్రిపూట ఎవరితో మాట్లాడాలో తోచకపోతే 14416కు గానీ 14446కు గానీ ఫోన్ చేయొచ్చు. మొదటిది టెలిమానస్, రెండోది మత్తు బాధితుల జాతీయ హెల్ప్‌లైన్. డబ్బులు కట్టక్కర్లేదు.

వచ్చే కార్తీకంలో మా బామ్మర్ది ఏడోసారి మాల వేస్తున్నాడు. మాల తీసే రోజు సూర్యాపేటలో డాక్టరుకు చూపించాలని ఇద్దరం ఇప్పుడే అనుకున్నాం. సాయంత్రం ఆరింటికల్లా అక్కడ ఉండాలి. బండి నేనే నడుపుతాను, మిల్లు రోడ్డు మీదుగా మాత్రం వెళ్లం.